మొదటి ఇల్లు కొంటున్నారా? అడ్వాన్సు మాత్రం ఆఖర్న ఇవ్వండి

ఇల్లు కొనడంలో చాలామంది వరస తలకిందులుగా ఉంటుంది. ముందు ఇల్లు నచ్చుతుంది, ఆ సాయంత్రమే అడ్వాన్సు వెళ్లిపోతుంది, తర్వాత బ్యాంకుకు వెళ్లి లోన్ ఎంతొస్తుందో కనుక్కుంటారు, ఎప్పుడో ఆఖర్న కాగితాలు లాయరు చేతిలో పెట్టి "అంతా బాగానే ఉంది కదండీ?" అని అడుగుతారు. అప్పటికి ఆయన ఏం చెప్పినా పెద్దగా ఉపయోగం ఉండదు, డబ్బు అవతలివాళ్ల దగ్గరుంది.

నేనూ అదే చేశాను. హాల్లో నిలువెత్తు కిటికీ, అందులోంచి గచ్చు మీద పడుతున్న సాయంత్రపు ఎండ, ఇంకేం చూడలేదు. "రేపు పొద్దున ఇంకో పార్టీ వస్తున్నారు సార్" అని ఏజెంటు అనగానే మెట్ల మీద నిలబడే ఫోన్లో టోకెన్ అడ్వాన్సు పంపేశాను. రసీదు లేదు, కాగితం లేదు. పది రోజుల తర్వాత తెలిసింది, ఆ ఇల్లు అన్నదమ్ములిద్దరి పేరు మీద ఉందని, తమ్ముడికి అసలు అమ్మకం సంగతే తెలియదని. టోకెన్ వెనక్కి రాబట్టుకోవడానికి నాలుగున్నర నెలలు పట్టింది. ఆ ఇంకో పార్టీ మాత్రం ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

అందుకే ఇక్కడ వరస సరిచేసి చెబుతున్నాను. ముందు మీ డబ్బు, తర్వాత బ్యాంకు, ఆ తర్వాత ఇల్లు, దాని గోడలు, దాని కాగితాలు, ఇవన్నీ అయ్యాకే అడ్వాన్సు. చట్టాలు, పన్నులు దేశానికో రకంగా ఉంటాయి కాబట్టి ఆ వివరాలు మీరున్న చోట కనుక్కోవాల్సిందే, వరస మాత్రం ఎక్కడున్నా పనికొస్తుంది.

మొదటి మెట్టు: మీ దగ్గర నిజంగా ఎంత ఉంది

చేతిలో ఉన్నదంతా డౌన్ పేమెంట్ అనుకోకండి. ఉన్న డబ్బును ముందే మూడు కుప్పలు చేయండి. ఒకటి డౌన్ పేమెంట్. రెండోది ఇంటి ధరలో కనిపించని ఖర్చులు: రిజిస్ట్రేషన్, ప్రభుత్వ పన్నులు, లాయరు ఫీజు, ఏజెంటు కమీషన్, బ్యాంకు ప్రాసెసింగ్ చార్జీలు, ఇంటి విలువ కట్టినందుకు ఫీజు, బీమా, సామాను తరలింపు, వెళ్లిన మొదటి నెలలోనే తప్పని రిపేర్లు. మూడోది కనీసం ఆరు నెలల ఈఎంఐకి, ఇంటి ఖర్చుకి సరిపడే డబ్బు, దీన్ని ఏ పరిస్థితిలోనూ ఇల్లు కొనడానికి వాడకూడదు. మొదటిసారి కొనేవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా రెండో కుప్ప దగ్గరే. ధర గురించి నెలల తరబడి బేరమాడి, రిజిస్ట్రేషన్ వారంలో చేబదులు కోసం స్నేహితులకు ఫోన్లు చేస్తుంటారు.

ఇక నెలనెలా ఎంత కట్టగలరో తేల్చుకోవడానికి కాగితం మీద లెక్క చాలదు, కొన్నాళ్లు కట్టి చూడాలి. కొనబోయే ఇంటికి ఈఎంఐ సుమారు ఎంతవుతుందో లెక్క వేసి, అందులోంచి ఇప్పుడు కడుతున్న అద్దె తీసేసి, ఆ తేడాను ఆరు నెలల పాటు, జీతం పడ్డ రోజే, వేరే ఖాతాలోకి పంపండి. మూడో నెలలో ఆ ఖాతాలోంచి డబ్బు వెనక్కి తీశారంటే మీ బడ్జెట్ ఎక్కువ పెట్టుకున్నట్టే. తీయలేదంటే డౌన్ పేమెంట్‌కు ఆరు నెలల సొమ్ము అదనంగా చేరింది. ఈ ఒక్క పని చేసినవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ, చేసినవాళ్లెవరూ ఈఎంఐ గురించి తర్వాత టెన్షన్ పడటం నేను చూడలేదు.

బ్యాంకు "మీకు ఇంత వస్తుంది" అని చెప్పే అంకె వేరు, మీరు హాయిగా కట్టగలిగే అంకె వేరు. మీరు వాయిదా ఎగ్గొట్టకుండా ఉంటారా అని బ్యాంకు చూస్తుంది, పిల్లల ఫీజులు కట్టాక మీకు ఏం మిగులుతుందని కాదు. అమెరికాలో రుణదాతలు చాలాకాలంగా వాడుతున్న ఒక కొలత ఉంది: పన్నులు పోకముందు వచ్చే ఆదాయంలో ఇంటి ఖర్చు 28 శాతం, అన్ని అప్పులూ కలిపి 36 శాతం దాటకూడదని. అది శిలాశాసనం ఏమీ కాదు, అక్కడే చాలా లోన్లు దాన్ని దాటి ఇస్తున్నారు. అయినా మీ అంకెలు ఎక్కడున్నాయో చూసుకోవడానికి మంచి గీత.

ఈఎంఐ లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి చూడండి

ఈ భాగం లెక్కలే, అయినా దాటేయకండి. లక్ష అప్పు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుందాం. నెలకు ఈఎంఐ సుమారు 900 వస్తుంది. మొదటి నెల కట్టే ఆ 900లో 750 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 150 మాత్రమే. అలా ఐదేళ్లు కట్టాక చూస్తే మీ జేబులోంచి దాదాపు 54,000 పోయి ఉంటుంది, అప్పు మాత్రం ఇంకా 88,700 దాకా మిగిలే ఉంటుంది. అసలు సగం తీరడానికి 14 ఏళ్లు పడుతుంది. మొత్తం 20 ఏళ్లలో కట్టేది సుమారు 2,16,000.

అదే అప్పు 30 ఏళ్లకు పెట్టుకుంటే ఈఎంఐ 805 అవుతుంది. నెలకు 95 తగ్గింది కదా అని సంతోషిస్తాం, చివరికి కట్టేది 2,90,000 దగ్గరకు వెళ్తుంది. అలాగని తక్కువ గడువే మంచిదని అందరికీ చెప్పలేను. గడువు ఎక్కువ పెట్టుకుని, చేతిలో ఉన్నప్పుడల్లా అదనంగా కట్టుకుంటూ పోవడం చాలామందికి సుఖం, ఎందుకంటే ఉద్యోగం పోయిన నెలలో చిన్న ఈఎంఐ ఉంటే కాస్త ఊపిరాడుతుంది. పైన చెప్పిన 20 ఏళ్ల అప్పుకే ఏడాదికి ఒక్క ఈఎంఐ ఎక్కువ కడితే సుమారు మూడున్నరేళ్లు ముందే తీరిపోతుంది.

ఫ్లోటింగ్ వడ్డీ, అంటే మధ్యమధ్యలో మారే వడ్డీ అయితే ఇంకో సంగతి. రేటు 9 నుంచి 10కి పెరిగినప్పుడు బ్యాంకు మీ ఈఎంఐ పెంచకుండా గడువు పొడిగించవచ్చు. ఈఎంఐ అంతే ఉంది కాబట్టి మీకు ఏమీ తెలియదు. కానీ ఆ 20 ఏళ్ల అప్పు మొదట్లోనే అలా జరిగితే 26 ఏళ్లు దాటుతుంది. రేటు పెరిగిందని మెసేజ్ వచ్చిన రోజే బ్యాంకును అడగండి, "నా గడువు ఎంతకు మారింది? ఈఎంఐ పెంచి గడువు పాతదే ఉంచితే ఎంతవుతుంది?" అని.

రెండో మెట్టు: ఇల్లు చూడకముందే బ్యాంకు

మీ క్రెడిట్ రిపోర్టు, అంటే మీ అప్పుల చరిత్ర, తెప్పించుకుని మొత్తం చదవండి. ఎప్పుడో మూసేసిన కార్డు ఇంకా బాకీ ఉన్నట్టు చూపించడం, పేరు కలిసిన ఇంకెవరి అప్పో మీ ఖాతాలో పడటం లాంటివి జరుగుతూనే ఉంటాయి, సరిచేయించడానికి వారాలు పడుతుంది. అందుకే ఇది మొదట్లోనే చేయాల్సిన పని. లోన్ పూర్తిగా చేతికొచ్చేదాకా కొత్త కారు, కొత్త ఫోన్ వాయిదాల మీద తీసుకోవద్దు, వీలైతే ఉద్యోగం కూడా మారొద్దు.

రెండు మూడు బ్యాంకుల్లో లోన్‌కు ముందస్తు ఆమోదం అడగండి. అడిగేటప్పుడు వడ్డీ రేటు ఒక్కటే పోల్చుకుంటే మోసపోతాం. ప్రాసెసింగ్ ఫీజు, తప్పనిసరి అంటూ అంటగట్టే బీమా, వడ్డీ ఎన్ని నెలలకోసారి మారుతుంది, దేనితో ముడిపడి మారుతుంది, ముందుగా తీర్చేస్తే చార్జీ ఉందా, ఇవన్నీ ఒకే కాగితం మీద రాసిమ్మనండి. భారతదేశంలో వ్యక్తులు తీసుకునే ఫ్లోటింగ్ గృహరుణాలకు ముందస్తు చెల్లింపు చార్జీ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది, ఇంకొన్ని దేశాల్లో ఆ చార్జీ గట్టిగానే ఉంటుంది.

ఒక మాట గుర్తుపెట్టుకోండి. ముందస్తు ఆమోదం మిమ్మల్ని చూసి ఇచ్చింది, ఇంటిని చూసి కాదు. ఇల్లు ఖాయం చేసుకున్నాక బ్యాంకు తన మనిషిని పంపి విలువ కట్టిస్తుంది. మీరు ఒప్పుకున్న ధర 100, ఆయన కట్టిన విలువ 90 అనుకోండి, బ్యాంకు 90 మీద 80 శాతం, అంటే 72 ఇస్తుంది. మీరు 80 వస్తుందనుకుని కూర్చున్నారు. ఆ 8 ఎక్కడి నుంచి తెస్తారన్నది మీ సమస్య, అందుకే అడ్వాన్సు కాగితంలో దీనికి ఒక షరతు ఉండాలి. ఆ సంగతి కిందికి వస్తుంది.

మూడో మెట్టు: ఇళ్లు చూడటం

కొనాలన్న ఉద్దేశం లేకుండా ముందు ఓ పదిళ్లు చూడండి. మొదటి మూడు చూసేసరికి అన్నీ బాగున్నట్టే ఉంటాయి, ఎనిమిదో ఇంటికి వచ్చేసరికి వంటగదిలో గాలి ఎటు పోతుందో, పడకగది గోడకు అవతల లిఫ్టు ఉందో లేదో అడగడం మీకే అలవాటవుతుంది.

నచ్చిన ఇంటిని ఒకే సమయంలో రెండుసార్లు చూడకండి. ఆదివారం పొద్దున ప్రశాంతంగా ఉన్న వీధి మామూలు రోజు సాయంత్రం ఎలా ఉంటుందో, రాత్రి పదింటికి ఎలా ఉంటుందో వెళ్లి నిలబడి చూడాలి. పక్కింటివాళ్లను పలకరించండి. "నీళ్లు బాగానే వస్తాయా?" అని అడిగితే "ఆఁ, వస్తాయండీ" అంటారు. "కిందటిసారి నీళ్లు రాని రోజు ఏం చేశారు?" అని అడిగి చూడండి, కథంతా బయటికొస్తుంది.

విస్తీర్ణం దగ్గర కళ్లు తెరిచి ఉండాలి. అమ్మేవాళ్లు చెప్పే అంకెలో గోడల మందం, మెట్లు, లిఫ్టు, వరండాలు కలిసి ఉండొచ్చు. మీరు తివాచీ పరుచుకోగలిగే జాగా, అంటే కార్పెట్ ఏరియా, వేరు. టేపు పట్టుకెళ్లి గోడ నుంచి గోడకు కొలవండి, మొత్తం ధరను ఆ అంకెతో భాగించండి. రెండిళ్లను పోల్చాలంటే ఇదొక్కటే సరైన దారి, మిగతా అంకెలన్నీ బ్రోషర్ కోసం.

నాలుగో మెట్టు: గోడలు, నీళ్లు, పగుళ్లు

స్తోమత ఉంటే ఇంజినీరును పెట్టుకుని తనిఖీ చేయించండి, ఆ ఫీజు ఇంటి ధర ముందు ఏపాటిదీ కాదు. అమ్మేవాళ్లు చూపించిన ఇంజినీరు వద్దు. ఆయన్ని పిలిచేముందు మీరే ఒక పూట కేటాయించి చూడాల్సినవి ఉన్నాయి, వాటిలో తేడా కనిపిస్తే ఆ ఫీజు కూడా మిగులుతుంది.

ఇంటికి మొదటి శత్రువు నీళ్లు. వీలైతే వాన పడ్డ మర్నాడు వెళ్లండి. పైకప్పు మూలలు, బాత్రూమ్‌కు ఆనుకుని ఉన్న పడకగది గోడ, కిటికీల కింది భాగం, ఈ మూడు చోట్లా అరచేయి పెట్టి చూడండి, చల్లగా మెత్తగా తగిలితే లోపల చెమ్మ ఉన్నట్టే. గోడ మీద సున్నం పొడిలా తెల్లటి పొర కనిపిస్తే, నీళ్లు ఇటుకలోంచి వస్తూ లవణాలను బయటికి తెచ్చి, ఆరిపోయి వాటిని అక్కడే వదిలేశాయని అర్థం. ఇల్లంతా పాత రంగు ఉండి ఒక్క గోడకే కొత్త రంగు వేసి ఉంటే ఎందుకని అడగండి. నేను తర్వాత చూసిన ఒక ఇంట్లో అల్మారా గోడకు మరీ దగ్గరగా, కాస్త వంకరగా జరిపి ఉంది. ఓనరమ్మగారిని అడిగి ఓ అడుగు పక్కకు జరిపితే వెనకాల నల్లగా బూజు, మోకాలి ఎత్తు దాకా పెచ్చులూడిన గోడ. ఆమె కూడా "అయ్యో, ఇదెప్పుడు పట్టిందో" అన్నారు, నిజంగానే తెలియదేమో. ఫర్నిచర్ జరపమని అడగడానికి మొహమాటపడితే నష్టం మీకే.

పగుళ్లన్నీ ప్రమాదం కాదు. వెంట్రుకలా సన్నగా, అటూఇటూ తిరుగుతూ ఉన్నవి చాలావరకు ప్లాస్టరింగ్ ఆరేటప్పుడు వచ్చినవి. కిటికీ, తలుపు మూలల నుంచి ఏటవాలుగా బయల్దేరినవి, ఇటుకల వరసల మధ్య మెట్లు మెట్లుగా దిగేవి, ఒక చివర సన్నగా ఇంకో చివర వెడల్పుగా ఉన్నవి మాత్రం పునాది ఒకవైపు కుంగుతోందేమో అని అనుమానించాల్సినవి. వెడల్పు 5 మిల్లీమీటర్లు దాటిందంటే ఇంజినీరు చూడకుండా ముందుకెళ్లొద్దు. అదే గదిలో తలుపు ఒక మూల పట్టేస్తోందా, గచ్చు మీద గోళీ వదిలితే తనంతట తనే ఒకవైపు దొర్లుతోందా అని కూడా చూడండి, ఈ మూడూ కలిస్తే అనుమానం బలపడుతుంది. కాంక్రీటు దూలాల మీద, స్లాబు కింద తుప్పు మరకలు ఉంటే లోపలి ఇనుము తుప్పు పడుతోందని అర్థం. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును లోపలి నుంచి నెడుతుంది, అందుకే పెచ్చులు ఊడతాయి. పైన ప్లాస్టరింగ్ చేసి రంగేస్తే కొన్నాళ్లు కనిపించదు, అంతే.

మిగతావి చకచకా అయిపోతాయి. ఒక బకెట్ నీళ్లు బాత్రూమ్ గచ్చు మీద పోసి, తూము వైపు వెళ్తున్నాయా గుమ్మం వైపు వస్తున్నాయా చూడండి. రెండు కుళాయిలు తిప్పి ఉంచి ఫ్లష్ నొక్కండి, ధార సన్నబడుతుందేమో తెలుస్తుంది. టైల్స్ మీద వేలి కణుపుతో కొట్టండి, బోలుగా మోగితే కింద సిమెంటు సరిగ్గా పట్టలేదు. ఫోన్ చార్జర్ పట్టుకెళ్లి ప్రతి ప్లగ్గులోనూ పెట్టి చూడండి. కరెంటు డబ్బా తలుపు తీసి, కాలిన వాసనగానీ నల్లబడ్డ వైర్లుగానీ ఉన్నాయేమో గమనించండి, చేయి మాత్రం పెట్టకండి. అన్నీ ఫోటోలు తీసుకోండి. బేరం దగ్గర "చిన్న చిన్న రిపేర్లు ఉన్నాయండీ" అనే మాటకు బలం లేదు, ఫోటోలు, మేస్త్రీ రాసిచ్చిన ఖర్చు అంచనా టేబుల్ మీద పెడితే ఉంటుంది.

ఐదో మెట్టు: కాగితాలు

నా టోకెన్ ఇరుక్కుంది ఇక్కడే కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను.

అడగాల్సిన మొదటి ప్రశ్న, అమ్ముతున్న మనిషికి అమ్మే హక్కు ఉందా అని. ఇల్లు ఒక్కరి పేరు మీదే ఉందా, ఇద్దరు ముగ్గురి పేరు మీద ఉందా? వారసత్వంగా వచ్చిందైతే వారసులందరూ సంతకం పెడతారా? విడాకుల కేసుగానీ పంపకాల గొడవగానీ నడుస్తోందా? అమ్మేవాళ్లు కాకుండా వాళ్ల తరఫున ఇంకెవరో పవర్ ఆఫ్ అటార్నీతో వస్తే, అది ఇంకా చెల్లుతుందా, అందులో అమ్మే అధికారం రాసి ఉందా అన్నది లాయరు చూడాలి, అసలు ఓనరుతో వీడియోకాల్‌లోనైనా మీరు మాట్లాడాలి. భారతదేశంలో వట్టి పవర్ ఆఫ్ అటార్నీ మీద జరిగే "అమ్మకం"తో యాజమాన్య హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టంగా చెప్పింది, అయినా ఆ పద్ధతిలో కొని ఇబ్బంది పడేవాళ్లు ఇంకా కనిపిస్తున్నారు.

రెండోది, ఇల్లు ఇంతకుముందు ఎవరెవరి చేతులు మారి వచ్చిందో ఆ గొలుసు తెగకుండా ఉందా అని. మధ్యలో ఒక్క లింకు డాక్యుమెంటు లేకపోయినా అక్కడ ఏం జరిగిందో తేలాలి. కొన్ని దేశాల్లో ఈ బాధ తక్కువ. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ తెచ్చిన పద్ధతిలో ప్రభుత్వ రిజిస్టర్లో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని, పాత దస్తావేజులన్నీ తవ్వాల్సిన పని లేదు. తర్వాత చాలా దేశాలు దాన్ని తీసుకున్నాయి. అమెరికాలో ఎక్కువ చోట్ల పాత రికార్డులు వెతికించి, ఏదైనా తప్పిపోతే ఆదుకోవడానికి టైటిల్ బీమా తీసుకుంటారు. భారతదేశంలో జరిగేది దస్తావేజు రిజిస్ట్రేషన్, అమ్మినాయనకు నిజంగా హక్కు ఉందని ఆ కార్యాలయం పూచీ పడదు. రిజిస్టర్ అయిన దస్తావేజు చేతిలో ఉన్నా కోర్టు చుట్టూ తిరిగేవాళ్లు ఉండటానికి ఇదే కారణం. మీరున్న చోట ఏ పద్ధతో లాయర్ని అడిగితే, ఎంత లోతుగా వెతకాలో అర్థమవుతుంది.

మూడోది, ఇంటి మీద తనఖా ఉందా అని. ఉంటే అదేమీ పెద్ద నేరం కాదు, లోన్ మీద ఇల్లు కొని అమ్ముకునేవాళ్లు ఎంతోమంది. కాకపోతే మీరిచ్చే డబ్బు నేరుగా ఆ బ్యాంకుకు వెళ్లి అప్పు తీరి, తనఖా విడుదల పత్రం వచ్చేలా ఏర్పాటు ఉండాలి. "డబ్బు నాకివ్వండి, నేను కట్టేసుకుంటాను" అంటే ఒప్పుకోకండి. ఇవిగాక కట్టడానికి అనుమతి తీసుకున్న ప్లానుకీ కట్టిన ఇంటికీ పోలిక ఉందా, పైన వేసిన గదికి అనుమతి ఉందా, పన్ను, నీళ్లు, కరెంటు, నిర్వహణ బాకీలు ఏమున్నాయి, అద్దెకున్నవాళ్లు ఎప్పుడు ఖాళీ చేస్తారు, ఇవీ చూడాలి. స్థలంతో కలిపి కొంటుంటే హద్దులు కాగితం మీదున్నట్టే నేల మీదా ఉన్నాయా అని సర్వేయరుతో కొలిపించండి.

"బ్యాంకు లోన్ ఇస్తోందంటే కాగితాలు సరిగ్గా ఉన్నట్టే" అనే మాట అందరి నోటా వింటాం. బ్యాంకు లాయరు బ్యాంకు కోసం పని చేస్తాడు. అప్పు రాబట్టుకోవడానికి సరిపోతుందా అని చూస్తాడు, పక్కవాడితో దారి తగాదా ఉందా, మేడమీద ఎవరికి హక్కు ఉందన్నది ఆయనకు అంత ముఖ్యం కాకపోవచ్చు. అమ్మేవాళ్ల లాయరు, ఏజెంటు స్నేహితుడైన లాయరు కూడా మీ మనిషి కాదు. మీరు ఫీజు ఇచ్చి, మీకోసం రాతపూర్వకంగా అభిప్రాయం ఇచ్చే లాయరు ఒకరు ఉండాలి.

ఆరో మెట్టు: బేరం, అడ్వాన్సు, ఒప్పందం

బేరంలో మీ బలం మూడింటి మీద ఆధారపడి ఉంటుంది. లోన్ ఆమోదం చేతిలో ఉండటం, రిపేర్ల లెక్క చేతిలో ఉండటం, కుదరకపోతే వదిలేసి వెళ్లగలగడం. చివరిది మాత్రం కష్టం, ముఖ్యంగా ఇంట్లోవాళ్లు అప్పటికే ఏ గది ఎవరిదో పంచేసుకుని ఉంటే. అందుకే ఒక చిన్న సలహా, ఒకే ఇంటితో ప్రేమలో పడకండి, చివరిదాకా కనీసం రెండిళ్లు లిస్టులో ఉంచుకోండి.

అడ్వాన్సు ఎప్పుడు మిమ్మల్ని కట్టిపడేస్తుందో చోటును బట్టి మారుతుంది. ఇంగ్లాండులో ఇంత ధరకు సరేనని నోటిమాటగా ఒప్పుకున్నా ఇరువైపులా కాంట్రాక్టులు మార్చుకునేదాకా ఎవరైనా వెనక్కి పోవచ్చు, ఇంకొకరు ఎక్కువిస్తే అమ్మేవాళ్లు అటు తిరిగిపోయిన సంఘటనలూ మామూలే. జర్మనీలో నోటరీ ఎదుట జరగని ఇంటి ఒప్పందం చెల్లదు. భారతదేశంలో 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం, ఆ చట్టం కిందికొచ్చే ప్రాజెక్టుల్లో, రాతపూర్వక ఒప్పందం చేసి రిజిస్టర్ చేయకుండా బిల్డరు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. మీ దగ్గర ఎలా ఉన్నా సరే, కాగితం లేకుండా పైసా ఇవ్వకండి, ఇచ్చేది బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

ఆ కాగితంలో ఏముండాలి? ధర, విస్తీర్ణం, హద్దులు, చెల్లింపుల తేదీలు ఎలాగూ రాస్తారు. రాయించుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఫలానా తేదీలోగా లోన్ రాకపోతే, బ్యాంకు కట్టిన విలువ ఫలానా అంకెకు తగ్గితే, హక్కు పత్రాల్లో లోపం తేలితే, తనిఖీలో పెద్ద లోపం బయటపడితే, అడ్వాన్సు మొత్తం ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారో రోజుల లెక్కతో రాయాలి. "త్వరలో" అనే మాట ఉంటే కొట్టేయించండి. అమ్మేవాళ్లు వెనక్కి తగ్గితే ఏమిటి, స్వాధీనం ఆలస్యమైతే నెలకు ఎంత, పాత బాకీలు ఎవరివి అనేది కూడా ఉండాలి. ఫ్యాన్లు, ఏసీలు, గీజరు, అల్మారాలు, వంటగదిలో చిమ్నీ, వీటిలో ఏవి ఉంటాయో ఒక్కొక్కటీ పేరుపేరునా రాయించండి. ఇది చిల్లర విషయంలా ఉంటుంది కానీ తాళాలు తీసుకున్న రోజు పైకప్పు నుంచి వేలాడే వైర్లు మాత్రమే కనిపించినప్పుడు చిల్లరగా అనిపించదు.

ధరలో కొంత కాగితం మీద, కొంత చేతిలో ఇవ్వమంటే వద్దనండి. పన్ను ఎగవేత కేసు ఒక ప్రమాదం. అంతకంటే దగ్గరి ప్రమాదం, రేపు వ్యవహారం చెడితే మీరు అడగగలిగేది కాగితం మీదున్న మొత్తమే. చేతిలో ఇచ్చినదానికి సాక్ష్యం ఉండదు.

ఇంకా కడుతున్న ఇంటిని కొనేవాళ్లకు పైవన్నీ వర్తిస్తాయి, అదనంగా రెండు మాటలు. ఆ బిల్డరు ఇంతకుముందు కట్టి అప్పగించిన వాటిలో ఉంటున్నవాళ్లను కలవండి, ఆఫీసులో మోడల్ ఫ్లాట్ చూసి నిర్ణయించుకోకండి. చెల్లింపులు తేదీలకు కాకుండా కట్టడం ఎంతవరకు వచ్చిందో దానికి ముడిపెట్టించండి, శ్లాబు పడకుండా శ్లాబు డబ్బు వెళ్లకూడదు.

ఏడో మెట్టు: చివరి వారం

దస్తావేజు ముసాయిదా కనీసం మూడు నాలుగు రోజుల ముందు చేతికి రావాలి. అమెరికాలో చాలావరకు గృహరుణాలకు ఆఖరి లెక్కల పత్రం సంతకాలకు కనీసం మూడు పనిదినాల ముందే కొనేవాళ్లకు అందాలని నిబంధనే ఉంది. మీ చోట అలాంటిది లేకపోతే మీరే అడిగి తీసుకోండి. పేర్ల అక్షరాలు, ఇంటి నంబరు, నాలుగు వైపులా హద్దులు, విస్తీర్ణం, ఇప్పటిదాకా ఇచ్చిన మొత్తాలు, ఇవి గట్టిగా పైకి చదవండి, ఇంకొకరు పాత దస్తావేజు పట్టుకుని సరిచూడాలి. కళ్లు దాటేసిన తప్పు చెవికి దొరుకుతుంది. సంతకాలయ్యాక ఒక్క అక్షరం సరిచేయించాలన్నా మళ్లీ అమ్మినవాళ్ల చుట్టూ తిరగాలి.

డబ్బు పంపేముందు ఖాతా నంబరును ఫోన్ చేసి నిర్ధారించుకోండి, అదీ మీ దగ్గర మొదటి నుంచీ ఉన్న నంబరుకే. "మా ఖాతా మారింది, ఇందులో వేయండి" అని లాయరు పేరుతోనో ఏజెంటు పేరుతోనో సరిగ్గా చివరి రోజుల్లో మెయిల్ రావడం ప్రపంచమంతా జరుగుతున్న మోసం. ముందు చిన్న మొత్తం పంపి, అందిందని వాళ్ల నోటితో విన్నాక మిగతాది పంపండి.

సంతకాలకు ముందురోజో, ఆ పొద్దున్నో, ఖాళీ చేసిన ఇంట్లోకి వెళ్లి ఇంకోసారి తిరగండి. సామాను ఉన్నప్పుడు కనిపించని గోడలు ఇప్పుడు కనిపిస్తాయి. రాయించుకున్న ఫ్యాన్లు, గీజరు ఉన్నాయా చూసుకోండి. తేడా ఉంటే మాట్లాడాల్సింది అప్పుడే, సంతకం తర్వాత కాదు.

తాళాలు వచ్చాక

అసలు పత్రాలు బ్యాంకు తీసుకుంటే ఏయే పత్రాలు తీసుకుందో జాబితా మీద ముద్ర వేయించుకోండి, ఏళ్ల తర్వాత అప్పు తీర్చి వెనక్కి అడిగేటప్పుడు ఆ ఒక్క కాగితమే మీ ఆధారం. అన్నీ స్కాన్ చేసి రెండు చోట్ల దాచండి. ఇంటి పన్ను, కరెంటు, నీళ్ల కనెక్షన్లు మీ పేరుకు మార్పించుకోవడం రిజిస్ట్రేషన్‌తో దానంతట అదే జరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. చాలా చోట్ల జరగదు, విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. మీటర్ రీడింగులు తాళాలు తీసుకున్న రోజే ఫోటో తీయండి, లేదంటే పాతవాళ్ల బిల్లు మీ నెత్తిన పడుతుంది. తాళాలన్నీ మార్చేయండి, డూప్లికేట్లు ఎందరి దగ్గరున్నాయో అమ్మినవాళ్లకే తెలియదు.

సామాను దింపకముందు ఇంకొక్క పని. ఇంటి మొత్తానికి నీళ్లు ఆపే వాల్వు ఎక్కడుందో వెతికి, ఒకసారి తిప్పి చూసి, ఇంట్లో అందరికీ చూపించండి. మేం వెళ్లిన తొమ్మిదో రోజు రాత్రి రెండింటికి వంటగదిలో పైపు ఊడింది. వాల్వు ఎక్కడో ఎవరికీ తెలియక నలుగురం టార్చిలు పట్టుకుని ఇల్లంతా తిరిగాం, చూస్తే అది పాతవాళ్లు వదిలేసి వెళ్లిన చెక్కబల్ల వెనకాలే ఉంది.